అమ్మ చల్లగా చూస్తే చాలు... ఈ మాట ఏఐకి అర్థమవుతుందా?

“యాపారం ఎట్లుండాదక్కా?”

“ఏముంది నాయినా... అమ్మ చల్లగా చూస్తే చాలు.”

తిరుచానూరు మాడ వీధుల్లో పూలో, పసుపు కుంకుమో, పిల్లల బొమ్మలో అమ్ముకునే వాళ్లను కదిలించి చూడండి. కాస్త అటూ ఇటూగా ఇలాంటి జవాబే వస్తుంది. మీరు ఎంఏ ప్రాజెక్టు కోసమో, పీహెచ్‌డీ కోసమో ఈ మాట రికార్డు చేసుకొచ్చారనుకోండి. దీన్ని ఏ గడిలో వేస్తారు? ‘సంతృప్తిగా ఉంది’ అనా? ‘భక్తి’ అనా? లేక ‘చెప్పడం ఇష్టం లేక తప్పించుకుంది’ అనా?

ఇక్కడే పుట్టి పెరిగిన వాళ్లకైతే ఇదేం పెద్ద లెక్క కాదు. ఆ అక్క గొంతు ఎలా ఉంది, అడిగేటప్పుడు పక్కన ఎవరు నిలబడి ఉన్నారు, అది శుక్రవారమా, మామూలు రోజా, బుట్టలో ఇంకా ఎన్ని మూరలు మిగిలాయి... ఇవన్నీ కలిపి చెవి, కన్ను తీర్పు చెప్పేస్తాయి. కానీ ఇప్పుడు చాలామంది విద్యార్థుల దగ్గర ఆ వాక్యం ముందుగా వెళ్తున్నది చాట్‌జీపీటీకో, జెమినీకో. అక్కడ గొంతు లేదు, బుట్ట లేదు, పక్కన నిలబడ్డ మనిషీ లేడు. ఉన్నది నాలుగైదు మాటలే.

తిరుచానూరుకు అయిదు కిలోమీటర్ల దూరంలో ఉన్న తిరుపతి నిండా చదువులే. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో మొదలైంది. పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం 1983లో వచ్చింది. ఆంత్రపాలజీ, పాపులేషన్ స్టడీస్, సోషల్ వర్క్, ఉమెన్ స్టడీస్ లాంటివి చదివేవాళ్లకు జనంలోకి వెళ్లి అడగడం, రాసుకోవడం చదువులో భాగం. ఆ తర్వాత మొదలవుతుంది అసలు కష్టం. నలభై మందితో అరగంట చొప్పున మాట్లాడితే ఇరవై గంటల ఆడియో. గంట ఆడియో వింటూ టైపు చేయడానికి అయిదారు గంటలు పడుతుంది. పైగా జనం మాట్లాడేది చిత్తూరు తెలుగు, చాలాసార్లు థీసిస్ రాయాల్సింది ఇంగ్లిష్‌లో. ఈ మొత్తం పనిని లార్జ్ లాంగ్వేజ్ మోడల్ (అదే, ఎల్‌ఎల్‌ఎం) నిమిషాల్లో చేసి చేతిలో పెడుతుంటే ఎవరికి ఆశ పుట్టదు?

వాడొద్దని ఈ వ్యాసం చెప్పదు. అలా చెప్పినా ఎవరూ వినరు, ఆ సంగతి అలా ఉంచండి. సోషల్ సైన్స్‌లో దీన్ని వాడటం కూడా నేర్చుకోవాల్సిన విద్యే. ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ ముంచుతుంది అనేది తెలియాలి. ఎందుకంటే ఇలాంటి సర్వేల నుంచే రిపోర్టులు పుడతాయి. రిపోర్టుల నుంచి నిర్ణయాలు పుడతాయి. ‘వీధి వ్యాపారులు సంతృప్తిగా ఉన్నారు’ అని ఒక వాక్యం పడితే, దాని కింద ఎంతమంది దాటవేతలు నలిగిపోయాయో ఎవరూ వెనక్కి వెళ్లి చూడరు.

ముందు మన చేత్తో

సోషల్ సైన్స్‌లో ‘కోడింగ్’ అంటే పైథాన్ రాయడం కాదు. జనం చెప్పిన మాటలు చదివి, ఒక్కోదానికి ఒక్కో లేబుల్ అంటించడం. ఇది ఫిర్యాదు, ఇది అప్పు గురించి, ఇది కుటుంబం గురించి... ఇలా. వందల కొద్దీ జవాబులకు ఈ పని చేస్తే విసుగొస్తుంది, రెండో రోజుకు కళ్లు తిరుగుతాయి. ఎల్‌ఎల్‌ఎం బాగా చేస్తుందని పేరు తెచ్చుకున్నది సరిగ్గా ఈ పనిలోనే.

2023లో జ్యూరిక్ యూనివర్సిటీ పరిశోధకులు కొందరు ఒక పరీక్ష పెట్టారు. వేల ట్వీట్లు, వార్తలు తీసుకున్నారు. ఆన్‌లైన్‌లో కూలికి లేబుళ్లు అంటించే మనుషులతో ఒకసారి, చాట్‌జీపీటీతో ఒకసారి చేయించారు. శిక్షణ పొందిన సహాయకుల లేబుళ్లతో పోల్చి చూస్తే చాట్‌జీపీటీ కచ్చితత్వం ఆ కూలి మనుషుల కన్నా సగటున 25 శాతం పాయింట్లు ఎక్కువ. ఖర్చు ఒక్కో లేబుల్‌కు 0.003 డాలర్ల లోపే. మన లెక్కలో దాదాపు పావలా!

ఈ అంకెలు చూసి ఎగిరి గంతేసే ముందు ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. అవన్నీ ఇంగ్లిష్ వాక్యాలు. ‘అమ్మ చల్లగా చూస్తే చాలు’ అనే మాట ఆ పరీక్షలో లేదు.

మరి మన దగ్గర పనిచేస్తుందో లేదో ఎలా తెలుసుకోవాలి? కొలవాలి. దానికి ముందు మీరు చేత్తో కోడింగ్ చేయాలి. ఓ వంద జవాబులు తీసుకుని మీరు లేబుళ్లు వేయండి. మీవి చూపించకుండా మీ స్నేహితురాలితో విడిగా వేయించండి. ఇద్దరివీ పక్కపక్కన పెట్టి ఎక్కడ తేడా వచ్చిందో కూర్చుని వాదించుకోండి. నిజమైన చదువు ఆ వాదనలోనే ఉంది. “ఇది ఫిర్యాదు ఎట్లవుతుందే?” అని ఆమె అడిగినప్పుడే ఫిర్యాదు అంటే మీ ఉద్దేశం ఏమిటో మీకు తెలిసొస్తుంది. ఆ ఉద్దేశాన్ని రాసి పెట్టుకుంటే అదే ‘కోడ్‌బుక్’. అది తయారయ్యాకే మోడల్‌ను పిలవాలి.

పోలిక చూసేటప్పుడు ఒక మాయ ఉంటుంది. వంద జవాబుల్లో పది మాత్రమే ఫిర్యాదులనుకోండి. మోడల్ ఏమీ చదవకుండా అన్నింటికీ ‘ఫిర్యాదు లేదు’ అని కొట్టేసినా మీతో 90 శాతం ఏకీభవించినట్టే కనబడుతుంది. గైడ్‌కు చూపిస్తే ‘భేష్’ అనొచ్చు కూడా. కానీ పోయిన ఆ పదీ ఎవరివి? నోరు తెరిచి కష్టం చెప్పుకున్న పది మందివి. ఈ మాయను పట్టుకోవడానికే జేకబ్ కోహెన్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1960లో ‘కప్పా’ అనే కొలత ఇచ్చాడు. ఊరికే గుడ్డిగా కొట్టినా కుదిరే ఏకీభావాన్ని ముందు తీసేసి, మిగిలింది ఎంతో చెబుతుంది. పై ఉదాహరణలో కప్పా విలువ సరిగ్గా సున్నా. 90 శాతం మార్కులకు సున్నా విలువ!

ప్రాంప్ట్ కూడా ‘వీటిని వర్గీకరించు’ అని ఒక ముక్కలో ఇస్తే లాభం లేదు. కోడ్‌బుక్‌లో రాసుకున్నది రాసుకున్నట్టు ఇవ్వాలి. ఉదాహరణకు: ‘అమ్మకం తగ్గిందనో, అప్పు పెరిగిందనో, కూర్చునే చోటు పోతుందనో సూటిగా చెప్పినా, డొంకతిరుగుడుగా చెప్పినా ఫిర్యాదే. అమ్మ దయ, దేవుడున్నాడు లాంటి మాటలు మాత్రమే ఉంటే సంతృప్తి కింద వేయవద్దు, అస్పష్టం అని వేయి. ప్రతి లేబుల్‌కూ ఆధారంగా జవాబులోని మాటలను ఉన్నవి ఉన్నట్టు చూపించు.’ ఆ చివరి షరతు చాలా ముఖ్యం. మోడల్ చూపించిన మాటలను మీ ఫైల్లో వెతకండి. దొరక్కపోతే అది కల్పించిందని అక్కడికక్కడే దొరికిపోతుంది.

ఇంకో మాట. మీ దగ్గర ఉన్నవి నలభై ఇంటర్వ్యూలే అయితే ఈ హడావుడి దేనికీ అని నా అభిప్రాయం. నలభై మనమే చదువుకోవచ్చు, చదువుకోవాలి కూడా. రెండు వేల మంది రాసిన జవాబులైతే అప్పుడు మోడల్‌కు అర్థం ఉంది.

సోషియాలజీ వాళ్లకు ఎం.ఎన్.శ్రీనివాస్ కథ తెలిసే ఉంటుంది. మైసూరు దగ్గరి రాంపుర అనే పల్లెలో 1948లో ఉండి నోట్సు రాసుకున్నారు. 1970 ఏప్రిల్‌లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఆయన పనిచేస్తున్న చోటికి ఎవరో నిప్పు పెట్టారు. ఏళ్ల తరబడి శ్రమపడి సిద్ధం చేసుకున్న నోట్సు మూడు కాపీలూ కాలిపోయాయి. జ్ఞాపకం మీద ఆధారపడి ఆయన రాసిన ‘ది రిమెంబర్డ్ విలేజ్’ 1976లో వచ్చింది. ఇవాళ మన పరిస్థితి తిరగబడింది. నోట్సు అంతా డ్రైవ్‌లో భద్రంగా ఉంటుంది. చదివింది మాత్రం మనం కాదు.

చిత్తూరు యాసకు రేటెక్కువ

మోడల్ మన వాక్యాన్ని మనలా చదవదు. ముక్కలు ముక్కలుగా కోసి చదువుతుంది. ఆ ముక్కల పేరు టోకెన్లు. 2024 మేలో జీపీటీ-4ఓ విడుదల చేసినప్పుడు ఓపెన్‌ఏఐ తనే ఒక పోలిక ఇచ్చింది. ఒకే పరిచయ వాక్యం ఇంగ్లిష్‌లో పాత పద్ధతిలో 27 టోకెన్లు, కొత్త పద్ధతిలో 24. అదే వాక్యం తెలుగులో పాత పద్ధతిలో 159, కొత్త పద్ధతిలో 45. చాలా మెరుగైందన్న మాట నిజమే. అయినా ఇంగ్లిష్‌తో పోలిస్తే దాదాపు రెట్టింపు. ఏపీఐ ద్వారా డబ్బు కట్టి వాడేవాళ్లకు బిల్లు టోకెన్ల లెక్కనే వస్తుంది. తెలుగులో అడిగినందుకు మనకు పడే అదనపు చార్జీ అన్నమాట.

డబ్బు సంగతి సరే, మాట సంగతి? ఇంటర్నెట్‌లో ఉన్న తెలుగులో ఎక్కువ భాగం పత్రికల తెలుగు, వికీపీడియా తెలుగు. ‘ఉండాది’, ‘పోతా ఉండా’, ‘చానా’, ‘రొంత’ లాంటివి అందులో తక్కువ. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అప్పటి ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి కొన్ని తాలూకాలు, కడప జిల్లా నుంచి కొన్ని కలిపి కట్టారు. అందుకే ఇక్కడి మాటలో సీమ తెలుగూ ఉంటుంది, తమిళమూ ఉంటుంది. అమ్మవారి దర్శనానికి తమిళనాడు నుంచి వచ్చేవాళ్లతో బేరం సగం తమిళంలోనే నడుస్తుంది. మోడల్ ఇలాంటి మాటను ‘సరిదిద్ది’ శుభ్రమైన తెలుగులో తిరిగిచ్చే ప్రమాదం ఉంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. ఆ శుభ్రంలో మనిషి ఊరు, చదువు, వయసు అన్నీ కొట్టుకుపోతాయి. ఏ ఊరి నుంచి వచ్చి ఇక్కడ వ్యాపారం పెట్టుకున్నారో చెప్పే ఆనవాళ్లు అవే కదా!

ఆడియోను అక్షరాల్లోకి మార్చేటప్పుడు ఇంకో గండం. ఓపెన్‌ఏఐ వారి ‘విస్పర్’ అనే టూల్ మీద 2024లో ఒక పరిశోధన వచ్చింది. అందులో సుమారు ఒక శాతం ఆడియో ముక్కల్లో, ఎవరూ అనని వాక్యాలను అది సొంతంగా చేర్చింది. మాటల మధ్య మౌనం ఎక్కువగా ఉన్న చోట ఇది ఎక్కువ. ఆ పరీక్ష ఇంగ్లిష్ ఆడియో మీద. మన ఇంటర్వ్యూల్లో మౌనం ఎక్కడొస్తుందో ఆలోచించండి. “అప్పు ఎంతుంది అక్కా?” అని అడిగిన తర్వాత కదా. సరిగ్గా ఆ చోట మెషీన్ ఒక వాక్యం అల్లితే?

తెలుగు మీద పని జరగడం లేదని కాదు. ఐఐటీ మద్రాసులోని ‘ఏఐ4భారత్’ బృందం మాట, అనువాదం కోసం ఓపెన్ మోడల్స్ ఇస్తోంది. హైదరాబాద్‌లో ‘స్వేచ్ఛ’ సంస్థ విద్యార్థులతో కలిసి తెలుగు కథలు పోగేసి మోడల్ తయారీకి దిగింది. కేంద్ర ప్రభుత్వ ‘భాషిణి’ ఉంది. ఏది వాడినా సరే, అది ఇచ్చిన అక్షరాలను పక్కన పెట్టుకుని, ఆడియో మొత్తం ఒకసారి చెవిన పెట్టుకుని వినక తప్పదు. టైపింగ్ మిగులుతుంది, వినడం మిగలదు.

గంగమ్మ తిట్లను ఏ గడిలో వేస్తారు?

‘పుష్ప 2’ చూశారు కదా. అల్లు అర్జున్ చీర కట్టి, నగలు వేసుకుని ఆడిన జాతర సీను సినిమావాళ్లు గాల్లోంచి పుట్టించింది కాదు. దానికి మూలం తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర. ఏటా వేసవిలో వారం రోజులు. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, సున్నపు కుండలు... రోజుకో వేషం. ఆడపిల్లలను చెరిచే పాలెగాడిని మట్టుపెట్టడానికి గంగమ్మ మారువేషాల్లో తిరిగిందని, దొర వేషంలో అతడి పని పట్టిందని కథ. గంగమ్మ పుట్టింది తిరుపతి పక్కనే ఉన్న అవిలాలలో అంటారు. మొక్కున్న మగవాళ్లు చీర కట్టి ఆడవేషం వేస్తారు. వేషాలు కట్టినవాళ్లు నడివీధిలో బూతులు తిడతారు. ఆ తిట్టడం మొక్కులో భాగం.

ఇప్పుడు ఓ విద్యార్థి జాతర మాటలను, యూట్యూబ్ వీడియోల కింద కామెంట్లను పోగేసి, ‘వీటిలో దుర్భాష ఎంత, భక్తి ఎంత?’ అని మోడల్‌ను అడిగాడనుకోండి. మాటను మాటగా చూస్తే తిట్టు తిట్టే. ఏ సందర్భమూ ఇవ్వకపోతే ఏడాదంతా మొక్కుకుని, ఒళ్లంతా సున్నం బొట్లు పెట్టుకుని వచ్చిన భక్తుడి మాట ‘విద్వేషం’ గడిలో పడే అవకాశమే ఎక్కువ. కొన్ని మోడల్స్ అయితే బూతు కనబడగానే పని చేయనని మొరాయిస్తాయి కూడా. పోనీ జాతర గురించి, వేషాల గురించి, తిట్ల గురించి రెండు పేరాలు ప్రాంప్ట్‌లో ముందే రాసిస్తే? అప్పుడు ఫలితం మారుతుంది, బాగా మారుతుంది. మరి ఆ రెండు పేరాలు రాయాల్సింది ఎవరు? ఎండలో ఆ వీధుల్లో నిలబడి చూసినవాళ్లే కదా!

అమెరికాలోని ఎమరీ యూనివర్సిటీకి చెందిన జాయిస్ ఫ్లూకిగర్ 1990ల నుంచి ఏళ్ల తరబడి తిరుపతికి వస్తూ పోతూ ఈ జాతర మీద పని చేశారు. ఆమె పుస్తకం ‘వెన్ ద వరల్డ్ బికమ్స్ ఫిమేల్’ 2013లో వచ్చింది. జాతర రోజుల్లో లోకమే స్త్రీ అయిపోతుందన్నది ఆ పేరులోనే ఉంది. మగవాడు చీర కట్టడం అంటే ఇక్కడ వేళాకోళం కాదు అనే సంగతి నుంచి ఆమె ఎంత దూరం వెళ్లారో ఆ పుస్తకం చూస్తే తెలుస్తుంది. ఇక్కడి వాళ్లు కాకపోయినా వచ్చి, కూర్చుని, అడిగి తెలుసుకున్నారు. ఇక్కడే ఉన్న మనం గదిలో కూర్చుని కామెంట్లు దింపుకొని సరిపెట్టుకుంటే ఏం బాగుంటుంది?

పుస్తకాల మాట వచ్చింది కాబట్టి ఒక జాగ్రత్త. ‘గంగమ్మ జాతర మీద పది రెఫరెన్సులు ఇవ్వు’ అని మోడల్‌ను అడిగితే అసలువీ, లేనివీ కలిపి ఇవ్వగలదు. న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన కేసులను సరిచూసుకోకుండా కోర్టులో వేశారు. ఆ తీర్పులు అసలు లేనే లేవు. 2023 జూన్‌లో జడ్జి అయిదు వేల డాలర్ల జరిమానా వేశాడు. మన యూజీసీ 2018 నిబంధనలు థీసిస్‌లో పోలిక 60 శాతం దాటితే రిజిస్ట్రేషన్ రద్దు అంటాయి. లేని పుస్తకం పేరు మాత్రం ఆ పోలికల సాఫ్ట్‌వేర్‌కు చిక్కదు. వైవాలో చిక్కుతుంది!

మనుషుల బదులు మోడల్‌ను అడిగితే?

వినడానికి విచిత్రంగా ఉంటుంది కానీ ఇదీ జరుగుతోంది. 2023లో అమెరికాలో కొందరు పొలిటికల్ సైన్స్ పరిశోధకులు జీపీటీ-3కి నిజమైన ఓటర్ల వివరాలు ఇచ్చారు. ‘నువ్వు ఫలానా వయసు, ఫలానా జాతి, ఫలానా పార్టీ’ అని చెప్పి, వాళ్లలా జవాబులు చెప్పించారు. కొన్నింటిలో అసలు సర్వేకు దగ్గరగా వచ్చింది. దీనికి ‘సిలికాన్ శాంపిల్’ అని పేరు. ఎండలో తిరగక్కర్లేదు, కాళ్లు నొప్పి పుట్టవు, ఎవరూ “ఇప్పుడు టైం లేదు పోప్పా” అని కసురుకోరు.

నాకు ఈ ఐడియా అస్సలు నచ్చదు. నచ్చకపోవడానికి లెక్కలూ ఉన్నాయి. 2023లోనే హార్వర్డ్‌లోని పరిశోధకులు ప్రపంచ విలువల సర్వేలోని ప్రశ్నలను జీపీటీకి వేశారు. ఒక దేశం సాంస్కృతికంగా అమెరికాకు ఎంత దూరంగా ఉంటే, జీపీటీ జవాబులు ఆ దేశం మనుషుల జవాబులకు అంత దూరంగా వచ్చాయి. ఆ సంబంధం మైనస్ 0.70. సోషల్ సైన్స్‌లో అది చిన్న అంకె కాదు. 2024లో వచ్చిన మరో పరిశోధన ఇంకో లోపం చూపించింది. మోడల్ ఇచ్చే సగటు మనుషుల సగటుకు దగ్గరగానే ఉన్నా, మనిషికీ మనిషికీ మధ్య ఉండే తేడా బాగా తగ్గిపోయింది. అదే ప్రశ్న మూడు నెలల తర్వాత అడిగితే జవాబులు మారిపోయాయి.

‘నువ్వు తిరుచానూరులో పూలమ్మే నలభై ఏళ్ల మహిళవు’ అని చెప్పి ప్రశ్నలు వేయండి. నమ్మేలా మాట్లాడుతుంది. భక్తి ఉంటుంది, కష్టం ఉంటుంది, పిల్లల చదువు మీద ఆశ ఉంటుంది. ఇంకో వందసార్లు అడిగితే దాదాపు అలాంటి అక్కలే వంద మంది వస్తారు. వీధిలోకి వెళ్తే అలా ఉండదు. ఒకరు పూలు సొంతంగా కొని కట్టి అమ్ముతారు, ఇంకొకరు ఎవరి బుట్టకో కూలికి కూర్చుంటారు. ఒకరు కార్తీక బ్రహ్మోత్సవాల కోసం ఎదురుచూస్తారు, ఇంకొకరు పంచమి తీర్థం నాడు పద్మ సరోవరానికి జనం పోటెత్తినప్పుడు పోలీసులు ఎక్కడ ఆపేస్తారోనని బెంగపడతారు. ఒకే పండుగ, ఒకే వీధి, రెండు లెక్కలు. పరిశోధన అనేదే ఆ తేడాను పట్టుకోవడం కోసం. మొదట్లోనే తేడాను చెరిపేసే శాంపిల్‌తో ఏం చేసుకుంటాం?

సిలికాన్ అక్కలు ఒక్క పనికి పనికొస్తారు. మీ ప్రశ్నల పట్టికను ముందుగా వాళ్ల మీద ప్రయోగించండి. ఏ ప్రశ్న అర్థం కాకుండా ఉంది, ఏది రెండుసార్లు అడిగినట్టుంది అనేది కొంత తెలుస్తుంది. రిహార్సల్‌కు ఓకే. షోకు కాదు.

పేరు తీసేస్తే సరిపోతుందా?

“ఇది ఎవరికీ చెప్పను అక్కా” అని మాటిచ్చి రికార్డు చేసుకున్న ఆడియోను ఉచిత యాప్‌లో పడేయడం మాట తప్పడమే. చాలా చాట్ యాప్‌ల సెట్టింగ్స్‌లో ‘మీ సంభాషణలను శిక్షణకు వాడుకోవచ్చా’ అనే మీట ఉంటుంది, అది ఆన్‌లోనే ఉండొచ్చు. ముందు దాన్ని చూసి ఆపండి. 2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా రక్షణ చట్టంలో పరిశోధనకు కొంత మినహాయింపు ఉంది. అది కూడా నిర్దేశించిన ప్రమాణాలు పాటిస్తేనే. సేకరించిన వివరాలతో ఫలానా మనిషి మీద నిర్ణయం తీసుకోకూడదనే షరతూ ఉంది.

పేరు తీసేశాం కదా అనుకోవద్దు. తిరుచానూరు లాంటి చోట ‘గుడి ఎదురు సందులో మలుపు దగ్గర గాజులమ్మే వితంతువు, కొడుకు బెంగళూరులో’ అని రాస్తే ఊరంతా గుర్తుపడుతుంది. పేరొక్కటే లేదు, అంతే. సందు, సరుకు, కొడుకు ఊరు... ఇవన్నీ మార్చాలి లేదా తీసేయాలి. వీలైతే గూగుల్ వారి గెమ్మా, మెటా వారి లామా లాంటి ఓపెన్ మోడల్స్‌లో చిన్నవాటిని లాప్‌టాప్‌లోకి దించుకుని, నెట్ ఆపేసి వాడొచ్చు. తెలుగు అంత బాగా రాకపోవచ్చు. ఆ అక్క అప్పు సంగతి మాత్రం మీ గది దాటదు.

ఒక మంచి పని ఉంది

ఇన్ని ‘కాదు’లు చెప్పాక, ఎల్‌ఎల్‌ఎంకు నిజంగా సరిపోయే పని ఒకటి చెప్పాలి. 1961 జనాభా లెక్కలప్పుడు సెన్సస్ వాళ్లు తలలు లెక్కపెట్టి ఊరుకోలేదు. ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాకో ‘ఫెయిర్స్ అండ్ ఫెస్టివల్స్’ పుస్తకం వేశారు. చిత్తూరు జిల్లాదీ ఉంది. తాలూకా వారీగా, ఊరి వారీగా ఏ గుడి ఉంది, ఏ నెలలో తిరునాళ్లు, జాతర జరుగుతుంది అని రాసుకుంటూ పోయారు. స్కాన్ చేసిన పేజీలు దొరుకుతాయి. ఇంగ్లిష్‌లో, ఒకే మూసలో ఉంటాయి. ఒక్కరే కూర్చుని పట్టిక కట్టాలంటే నెలలు పడుతుంది.

ఇది మోడల్‌కు ఇవ్వండి. ఊరి పేరు, దేవత, నెల, ఎన్ని రోజులు... ఈ గడులు నింపమని, ప్రతి వరుసకూ పేజీ నంబరు రాయమని, పేజీలో లేనిది ఖాళీగా వదలమని చెప్పండి. మనుషుల గోప్యత సమస్య లేదు. తప్పు చేస్తే పేజీ తీసి పట్టుకోవచ్చు. ప్రతి పదో వరుసను మీరే సరిచూసి, ఎన్ని తప్పులో థీసిస్‌లో రాయండి. వాడిన మోడల్ పేరు, వెర్షన్, తేదీ, ప్రాంప్ట్ మొత్తం కూడా అనుబంధంలో పెట్టండి, ఎందుకంటే ఆరు నెలల తర్వాత అదే పేరుతో ఉన్న మోడల్ వేరేలా జవాబివ్వొచ్చు.

ఒక్క చోట మాత్రం అది కచ్చితంగా తడబడుతుందని ముందే అనుకోండి. 1961లో మండలాలు లేవు. అవి వచ్చింది 1985లో. అప్పుడు తిరుపతి, తిరుచానూరు చంద్రగిరి తాలూకాలో ఉండేవి. తిరుపతి జిల్లా అయింది 2022 ఏప్రిల్‌లో. పాత తాలూకా ఊళ్లను ఇప్పటి మండలాలకు జతచేయమంటే మోడల్ ధీమాగా ఏదో ఒకటి రాసేస్తుంది. ఆ గడి మీరే నింపాలి. పట్టిక చేతికొచ్చాక బైక్ తీయండి. 1961లో జాతర జరిగిందని రాసిన ఊళ్లలో ఇప్పుడు ఎన్నింటిలో జరుగుతోంది, ఆగిపోయిన చోట ఎందుకు ఆగింది? అది పుస్తకంలో ఉండదు, మోడల్‌లోనూ ఉండదు. రచ్చబండ మీద కూర్చున్న పెద్దాయన్ని అడగాల్సిందే. ఆయన మొదట “ఏముందిలే నాయినా” అంటాడు. కాసేపు కూర్చోండి.